కోర్వస్‌కు చమురు

జూన్ 4

ఇక మీదట మనం చమురు పోయాల్సిన యుద్ధనౌక కోర్వస్ అని పొద్దున టిఫిన్ దగ్గర మా కెప్టెన్ గన్ చెప్పాడు. దాని కెప్టెన్ పేరు కూడా చెప్పాడు. గైల్స్ హార్కోర్ట్.

గుడ్డు సగం తిని వదిలేశాను.

జూన్ 5

పేరు ఒకటైనంత మాత్రాన మనిషి ఒకడే కానక్కర్లేదు.

జూన్ 6

వాడే.

జూన్ 9

కోర్వస్ మొదటిసారి పక్కకొచ్చింది. నైరుతి గాలి ఇంకా ఊపందుకోలేదు. సముద్రం మాట వినే రోజు.

మా చమురు ఓడ పెండోర్ గంగిరెద్దులా తలొంచుకుని తిన్నగా పోతూ ఉంటుంది. యుద్ధనౌకే వచ్చి పక్కన సర్దుకుని, అదే వేగంతో అడుగులో అడుగేయాలి. మధ్యలో వీధంత వెడల్పు నీళ్ళు. ఆ నీళ్ళ మీదుగా ఉక్కు తాడు, తాడుకు వేలాడుతూ గొట్టం, గొట్టంలో చమురు. తాడు బిగువు చూసుకునేది తాడు చుట్టే యంత్రం, అదే వించి, దగ్గర కూర్చునే జోరీ. అంతటికీ జవాబుదారీ డెక్కు మనుషులకు పెద్దయిన సరంగుది, అంటే నాది. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. ఇవాళ మాత్రం చేతికి తొడుగు ఎక్కించుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

రెండు ఓడల మధ్య టెలిఫోను తీగ కలవగానే చెవిలో గ్లాస్గో యాస మోగింది.

"హలో పెట్రోలు బంకు! ఫుల్లుగా కొట్టండి. టైర్లలో గాలి కూడా చూడండి."

"అద్దాలు తుడవాలంటే చార్జి వేరే," అన్నాను.

"అబ్బో, నోరుందే! పేరేంటమ్మాయ్?"

"టామ్సిన్."

"నా పేరు ఫెర్గస్ మకెల్లార్. ఈ డెక్కు మీద కష్టమంతా నాది. పేరంతా పైన నిలబడ్డ దొరగారిది. ఇటే చూస్తున్నారు, జాగ్రత్త. ఆయన చూపు పడితే పాలు విరుగుతాయి."

తలెత్తి చూశాను. తెల్ల టోపీ, కటకటాల మీద మోచేతులు. దొరబాబు బాగా కండపట్టాడు.

మా అన్న డెంజిల్‌కు దెబ్బ తగిలిన రోజున వీడు ఇంకా చిన్న అధికారి. ఉత్తర అట్లాంటిక్‌లో అన్న పనిచేసే ట్యాంకర్ పక్కన యుద్ధనౌకను నడిపిస్తున్నది వీడే. మరీ దగ్గరికొచ్చాడు. భయపడి ఒక్కసారిగా బయటికి తిప్పాడు. తాడు తెగి డెంజిల్ ఎడమకాలిని మోకాలి కింద నుంచి తీసుకుపోయింది. విచారణలో వీడు ఓడ ఇంచు కూడా పక్కకు పోలేదన్నాడు. డెంజిల్ నిలబడకూడని చోట నిలబడ్డాడన్నాడు. ముగ్గురు పెద్దమనుషులు తలూపారు. డెంజిల్ ఇప్పుడు మా ఊరు ఫాల్మత్‌లో పడవ టికెట్లు అమ్ముతాడు. వీడికి సొంత ఓడ ఇచ్చారు.

చమురు ఇచ్చాను. చుక్క తక్కువ కాకుండా ఇచ్చాను. నా పని నేను చేశాను.

జూన్ 10

డెంజిల్‌కు ఫోన్ చేశాను. "ఎవరి ఓడకు పోస్తున్నారే?" అని అడిగాడు.

"ఎవడిదో. పేరు గుర్తులేదు."

"నీకు గుర్తులేకపోవడమా?" అని నవ్వాడు. అక్కడ వాన పడుతోందట.

జూన్ 22

ఇవాళ సరుకులు కూడా పంపాం. నా చేతి మీదుగానే పోయాయి. అడుగున తడిసి మెత్తబడ్డ ఉల్లిపాయల బస్తాలు, నల్లబడ్డ క్యాబేజీ. పారేయాల్సినవి. వాటిని కోర్వస్ వాటాలో కలిపేశాను. మంచి బస్తాలు వెనక్కి జరిపాను. అవి తాడు మీద ఊగుతూ పోతుంటే చూసి, చాలా కాలం తర్వాత కడుపు నిండా అన్నం తిన్నాను.

చిన్న పిల్లల పనే. తెలుసు.

జూన్ 27

ఫెర్గస్ తీగ కలపగానే మొదలెట్టాడు. "అమ్మాయ్, మీ ఉల్లిపాయలు నడుచుకుంటూ వచ్చాయి. కొన్నింటికి మీసాలు కూడా ఉన్నాయి."

"ఎండకు పాడైపోయి ఉంటాయి."

"మా కుర్రాళ్ళు మూడు రోజులు బీన్సు, బిస్కెట్లు తిన్నారు. కడుపులు పట్టుకుని తిరుగుతున్నారు."

"మీ దొరగారో?"

"ఆయనకేం? ఆయన వంట వేరు. కుళ్ళు ఆయన పళ్ళెం దాకా ఎక్కదమ్మా, మా దగ్గరే ఆగిపోతుంది." తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "ఇంటి దగ్గర నాకు పావురాలున్నాయి. వాటిలో పనికిమాలిన దానికి దొరగారి పేరు పెట్టాను. వదిలితే ఇంటిదారి కనుక్కోలేదు."

నవ్వాను. పెద్దగా నవ్వాను. జోరీ వించి దగ్గర్నుంచి తిరిగి చూశాడు.

ఈసారి మంచి ఉల్లిపాయలు పంపాను. ఫెర్గస్ కోసం. వాడి కోసం కాదు.

జూలై 2

హార్కోర్ట్ మా ఓడకు భోజనానికి వచ్చాడు. హెలికాప్టర్లో దిగాడు. గన్ మమ్మల్నందర్నీ వరసగా నిలబెట్టి పరిచయం చేశాడు.

"ఈమె మా సరంగు, టామ్సిన్ పాస్కో."

నా పేరు వినగానే వాడి ముఖంలో ఏమవుతుందో చూడాలని నెల రోజులుగా కాచుకున్నాను. ఏమీ అవలేదు. చెయ్యి కలిపాడు. మెత్తటి చెయ్యి.

"పాస్కో! కార్న్‌వాల్ పేరన్నమాట. మీ వైపు పేస్టీలు, ఆ మాంసం కూరిన కజ్జికాయలు, అద్భుతంగా ఉంటాయండీ. మా ఆవిడకు ప్రాణం."

"అవునండీ," అన్నాను.

పక్క మనిషి దగ్గరికి వెళ్ళిపోయాడు.

జూలై 3

పేస్టీలు.

జూలై 4

గుర్తుండి గుర్తులేనట్టు నటించాడనుకుంటే బాగుండేది. నటించలేదు. నిజంగానే గుర్తులేదు. మా అన్న కాలు వాడికి చెప్పుకింద చీమ. దాన్ని మరిచిపోవడానికి కూడా కష్టపడలేదు.

జూలై 19

నైరుతి పూర్తిగా వచ్చేసింది. అలలు డెక్కు మీదికెక్కి దిగుతున్నాయి. ఓమాన్‌కు దక్షిణంగా ఉన్నాం. ఇక్కడ ఈ నెలల్లో ఇంతే.

వాడు ప్రతిసారీ మరీ దగ్గరగా వస్తాడు. గొట్టం త్వరగా కలపాలి, త్వరగా నింపుకోవాలి, తన ఓడ అందరికన్నా చురుకైందనిపించుకోవాలి. రెండు ఓడలు దగ్గరైతే మధ్య నీళ్ళు వాటిని ఇంకా దగ్గరికి లాగుతాయి. ఇది ఈ పనిలోకొచ్చిన వాడికి మొదటిరోజే చెప్తారు. దూరం చూపించే తాడుకు కట్టిన రంగు జెండాలు ఒక్కొక్కటీ మా చేతిలోకి వచ్చేస్తున్నాయి. ఇక ప్రమాదమని చెప్పే ఎర్ర జెండా వచ్చింది. ఈల ఊదాను. పొట్టి ఈలలు వరసగా ఊదితే పంపు ఆపి, తాడు వదిలి, ఎవరి దారిన వాళ్ళు విడిపోవాలి. నాకు ప్రమాదం కనిపిస్తే ఎవర్నీ అడగక్కర్లేదు.

విడిపోయాం. కోర్వస్‌కు సగం చమురే అందింది.

సాయంత్రం గన్ పిలిచాడు. "హార్కోర్ట్ ఫిర్యాదు పంపాడు టామ్సిన్. దూరం సరిగ్గానే ఉందట. మీ సరంగుకు కంగారెక్కువ, ఇంకోసారి ఇలా జరిగితే మనిషిని మార్చండి అంటున్నాడు."

"మీరు చూశారు కదండీ!"

"చూశాను. దగ్గరగానే వచ్చాడు. పైవాళ్ళు మాత్రం చూడలేదు. వాళ్ళ దగ్గరున్నది ఆయన కాగితం ఒక్కటే." జాలిగానే అన్నాడు. "ఈసారి కాస్త ఆగి చూడు."

ఆగి చూడు.

జూలై 20

నేనేమీ చేయను. నేనేమీ చేయక్కర్లేదు. వాడి గొయ్యి వాడే తవ్వుకుంటున్నాడు. ప్రతిసారీ నేనే వెళ్ళి పూడుస్తున్నాను. పాము పగ అంటారు. పాము ఊరికే కాచుకుని కూర్చుంటుంది, అంతే.

ఈల ముందే ఊదితే నాది కంగారు. గొట్టం తెగి, చమురు వాడి తెల్ల టోపీ మీద పడ్డాక ఊదితే అది వాడి తప్పు. అందరి కళ్ళముందూ ఉంటుంది. దాచలేడు.

డెంజిల్ కోసమే.

జూలై 28

ఎదురు చూస్తున్నాను. ఇవాళ సముద్రం పడుకుంది. వాడు కుదురుగా నడిపాడు. ఫెర్గస్ ఏదో పాట పాడాడు, శ్రుతి లేకుండా. ఉల్లిపాయలకు థాంక్స్ చెప్పాడు.

ఆగస్టు 6

రాయలేను.

ఆగస్టు 7

ఫెర్గస్ బతికే ఉన్నాడు. హెలికాప్టర్లో ఒడ్డుకు తీసుకుపోయారు. తుంటి నుజ్జయిందట.

ఆగస్టు 8

రాస్తాను. రాయకపోతే నాలుగు రోజుల్లో వేరే కథ అల్లేసుకుంటాను. నన్ను నేనెరుగుదును.

పెద్ద అలలు. అడ్మిరల్ కోర్వస్ మీదే ఉన్నాడు, పని చూడ్డానికొచ్చాడు. హార్కోర్ట్ ఎప్పటికంటే దగ్గరగా వచ్చాడు. గొట్టం కలిసింది, పంపు మొదలైంది. జెండాలు రావడం మొదలైంది. పచ్చది. పసుపుది. ఎర్రది చేతికొచ్చింది. ఈల నా పెదాల మధ్యే ఉంది.

జోరీ అరిచాడు. "సరంగూ! ఎర్ర జెండా!"

"చూశాను."

ఊదలేదు. నింపాదిగా ఉన్నాను. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటున్నాను. పైన తెల్ల టోపీ అటూ ఇటూ పరుగెత్తడం కనిపించింది. ఎంత బాగుందో రాయాలంటే సిగ్గేస్తోంది. బాగుంది.

తర్వాత సరిగ్గా డెంజిల్ అప్పుడు చేసినట్టే హార్కోర్ట్ ఒక్కసారిగా బయటికి తిప్పాడు. తాడు వీణ తీగలా మోగింది. వాళ్ళ వైపు గొట్టం మూతి ఇరుక్కుపోయింది, ఊడి రావట్లేదు. చేత్తో మీట కొట్టి విడిపించాలి. ఫెర్గస్ తన మనుషుల్ని వెనక్కి నెట్టి తనే ముందుకెళ్ళాడు. అది మాత్రం నా లెక్కలో లేదు. నా లెక్కలో గొట్టం ఉంది, చమురు ఉంది, టోపీ ఉంది. మనిషి లేడు.

చెవిలో అతని గొంతు వినిపించింది. కోపం లేదు. ఆశ్చర్యపోతున్నట్టుంది.

"అమ్మాయ్, ఎందుకు ఊదట్లేదు?"

ఊదాను. అప్పుడు ఊదాను. జోరీ తాడు వదిలాడు. అది అప్పటికే తెగి ఫెర్గస్ నిలబడ్డ చోటికే విసురుకుపోయింది.

చమురు నిజంగానే కోర్వస్ పైదాకా చిమ్మింది. తెల్ల టోపీ నల్లబడింది. చూశాను. ఇన్నాళ్ళూ కోరుకున్నది కళ్ళారా చూశాను. చెవిలో తీగ మూగబోయి ఉంది.

ఆగస్టు 11

జోరీ నా గది దగ్గరికొచ్చాడు. టీ తెచ్చాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"మా ఆవిడ ఎప్పుడూ అంటుంది, నా చూపు బాగా మందగించిందని."

"జోరీ..."

"ఏ జెండా ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు సరంగూ. నన్నడిగితే అదే చెప్తాను. డెంజిల్‌తో కలిసి పనిచేసినవాణ్ణి. టీ చల్లారిపోతుంది."

వెళ్ళిపోయాడు. మంచివాడు. ఆ మంచితనం నా మెడకు బండలా ఉంది.

ఆగస్టు 15

ఓమాన్ రేవు. ఎండ కంట్లో సూదులు గుచ్చుతోంది. విచారణకు ముగ్గురొచ్చారు. హార్కోర్ట్ ముందే రాసి పంపిన వాంగ్మూలం గన్ నాకు చూపించాడు.

ఓడ దారి తప్పలేదట. గాలి అనుకోకుండా కొట్టిందట. మకెల్లార్ నిలబడకూడని చోట నిలబడ్డాడట.

అవే మాటలు. మనిషి పేరొక్కటే మార్చాడు.

"నీ మీద మచ్చేం లేదు," అన్నాడు గన్. "నువ్వు ఈల ఊదావు, తాడు వదిలించావు. ఊదిన సమయం ఎవరికీ సరిగ్గా తెలీదు. జోరీ గుర్తులేదన్నాడు. ఆ గ్లాస్గో ఆయన మత్తుమందులో ఉన్నాడు."

"హార్కోర్ట్ మీద?"

గన్ కిటికీ వైపు చూశాడు. "గాలి మీదికి పోతుందనుకుంటా. గాలికి ఉద్యోగం పోదు కదా."

ఆగస్టు 16

లెక్క చూసుకున్నాను. వాడు మరీ దగ్గరగా వచ్చాడని చెప్పగలిగింది ఎర్ర జెండాను చేత్తో పట్టుకున్న నేనొక్కదాన్నే; జోరీ నా కోసం నోరు విప్పడు, ఎవరో ఒకరు గట్టిగా అడగందే రాడార్ రికార్డులు ఎవరూ తీయరు. జెండా వచ్చిందంటే, మరి ఎందుకు ఊదలేదు అని అడుగుతారు. వాణ్ణి ముంచాలంటే వాణ్ణి కౌగిలించుకుని దూకాలి. వేరే దారి లేదు. రోజంతా వెతికాను.

ఇది న్యాయం కోసమని రాద్దామనుకుని పెన్ను పెట్టాను. అబద్ధం. వాడు ఈసారి కూడా తప్పించుకుపోవడం నేను బతికుండగా చూడలేను. అంతే.

ఆగస్టు 17

చెప్పాను.

చిన్న గది, ఫ్యాను గోల. బల్ల అవతల ముగ్గురు, ఓ పక్కన హార్కోర్ట్, కొత్త టోపీ ఒళ్ళో పెట్టుకుని. మామూలు ప్రశ్నలడిగి పంపించేయబోతున్నారు.

"ఎర్ర జెండా నా చేతికొచ్చింది," అన్నాను. "ఆయన ఓడ అంత దగ్గరగా వచ్చింది. ఈల నా నోట్లోనే ఉంది. ఊదలేదు."

మధ్యలో కూర్చున్న పెద్దావిడ కళ్ళజోడు తీసింది. "ఊదడానికి కుదరలేదనా?"

"కుదిరింది. ఊదలేదు. ఆయన పరువు పోవాలని ఆగాను."

"మీరేమంటున్నారో మీకు అర్థమవుతోందా, మిస్ పాస్కో?"

"అవుతోందండీ. జూలైలో ముందే ఊదితే కంగారు మనిషినని ఫిర్యాదు చేశారు. అది మీ దగ్గరే ఉంది. ఆ రోజువీ, మొన్న ప్రమాదం జరిగిన రోజువీ రెండు ఓడల రాడార్ రికార్డులు తెప్పించి పక్కపక్కన పెట్టండి. ఓడ దారి తప్పిందో లేదో అవే చెప్తాయి. అలాగే ఉత్తర అట్లాంటిక్‌లో డెంజిల్ పాస్కో కాలు పోయిన రోజుది కూడా తెప్పించండి. ఆ రోజు నడిపింది కూడా ఈయనే. డెంజిల్ మా అన్న."

అప్పుడు గుర్తొచ్చింది వాడికి. నా పేరు వాడి ముఖంలో మెల్లగా మెట్లు దిగుతున్నట్టు దిగింది. ఎర్రబడ్డాడు, తర్వాత పాలిపోయాడు.

"ఈవిడ కావాలనే చేసింది!" అని లేచాడు. "విన్నారు కదా, తనే ఒప్పుకుంటోంది! నా మనిషిని..."

"మీరు కూర్చోండి," అంది ఆవిడ. "ఆవిడ తనేం చేసిందో చెప్పింది. మీరింకా చెప్పలేదు."

హాయిగా ఉంది. ఇది రాసి పెట్టుకుంటున్నాను. రేపు లేదని బుకాయిస్తానేమో. ఆ క్షణం చాలా హాయిగా ఉంది.

సెప్టెంబర్ 9

ఫాల్మత్. రాడార్లు నిజమే చెప్పాయి. హార్కోర్ట్ చేతిలోంచి ఓడ తీసేసుకున్నారు. ఇక ఇవ్వరట. డెంజిల్ పాత విచారణ మళ్ళీ తెరుస్తున్నారు.

నా సరంగు పని పోయింది. ఇక ఏ డెక్కూ ఎక్కనివ్వరు. కేసు కూడా పెడతారేమో, ఇంకా తేల్చలేదు. గన్ కరచాలనం చేశాడు, కళ్ళలోకి చూడలేదు. సరిగ్గానే చేశాడు.

సెప్టెంబర్ 10

డెంజిల్‌కు అంతా చెప్పాను. టికెట్ల గది మూసే వేళకు వెళ్ళాను. రేవు గోడ మీద కూర్చున్నాం. మెచ్చుకుంటాడనుకున్నానా? అనుకున్నాను. దాచడమెందుకు.

చివరిదాకా విన్నాడు. హార్కోర్ట్ ఏమయ్యాడని అడగలేదు.

"ఆ గ్లాస్గో ఆయన ఎలా ఉన్నాడు?"

"మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళలేడట. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించారట."

"ఎవరు చెప్పారు?"

"గన్."

"అంటే నువ్వు చూడలేదు."

"ఏం మొహం పెట్టుకుని వెళ్ళనురా?"

"హార్కోర్ట్ ఒక్కసారైనా నన్ను చూడ్డానికి రాలేదని ఇన్నేళ్ళూ నువ్వే కదే తిడుతున్నావు. నేను ఏనాడూ అనలేదు. నువ్వే అన్నావు." కర్ర సాయంతో లేచాడు. "నా కాలు పేరు చెప్పుకుని ఇంకొకడి తుంటి తీశావు టామీ. నా కాలును మధ్యలోకి తేకు. అది నాది."

చిన్నప్పటి పేరు పెట్టి పిలిచాడు. తిట్టేటప్పుడే అలా పిలుస్తాడు. కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. వెనకాలే వెళ్ళలేదు.

సెప్టెంబర్ 13

హార్కోర్ట్ మీద కోపం తగ్గిందేమోనని ఇవాళ తడిమి చూసుకున్నాను. తగ్గలేదు. ఇప్పటికీ రోడ్డు మీద కనిపిస్తే ముఖాన ఉమ్ముతాను. ఫెర్గస్ గొంతు కూడా ఉంది లోపల. అది కోపం కాదు. అందుకే దాన్ని ఏం చేయాలో తెలియట్లేదు.

సెప్టెంబర్ 18

గ్లాస్గో. రైల్లో రోజంతా పట్టింది. వాన. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఆ మెట్లెక్కుతుంటే, ఫెర్గస్ వీటిని ఎలా ఎక్కుతున్నాడో అనుకున్నాను. అక్కడి నుంచే వెనక్కి వెళ్ళిపోదామనిపించింది.

తలుపు కొట్టాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత లోపల చేతికర్రల చప్పుడు, నెమ్మదిగా, ఒక్కో అడుగూ.

ముఖం ఎప్పుడూ చూడలేదు నేను. హెల్మెట్ కింద దూరంగా కనబడే గడ్డమే. మనిషి నేననుకున్నదానికన్నా పొట్టి. నా వంక చూస్తూ నిలబడ్డాడు.

"నేను టామ్సిన్ని," అన్నాను.

"గొంతు వింటే తెలిసింది." కర్రల మీద బరువు మార్చుకున్నాడు, నొప్పికి పళ్ళు బిగించాడు. "నేను అడిగినదానికి జవాబు రాలేదు అవతల్నుంచి."

"చెప్పడానికే వచ్చాను."

"విచారణలో చెప్పావట. నాకు పంపారు. చదివాను. అది వాళ్ళకు చెప్పింది, నాకు కాదు."

"అవును."

పక్క వాటా తలుపు కొంచెం తెరుచుకుంది. ఒక ముసలావిడ తల బయటపెట్టి, "అంతా బాగానే ఉందా ఫెర్గస్?" అంది.

"బాగోలేదు మిసెస్ డఫ్. మీరు తలుపేసుకోండి." నా వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గొంతులో నవ్వు ఎక్కడా లేదు. "ఇక్కడ నిలబెట్టి తిడితే వీధి వీధంతా వింటుంది. నేను తిట్టాల్సింది చాలా ఉంది. లోపలికొచ్చి తిట్టించుకో."

పక్కకు జరగడానికి అతనికి చాలాసేపు పట్టింది. సాయం చేయబోయి ఆగిపోయాను. దారి ఇచ్చేదాకా నిలబడి, లోపలికి వెళ్ళాను.